సన్నగానే ఉన్నా షుగర్ అంచున ఉన్నానట. మనవాళ్ళ లెక్కే వేరా?

రీడింగ్ రాఘవ
ఇంగ్లండ్ వచ్చి ఏడేళ్ళు. వయసు 38. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 71 కిలోలు. సిగరెట్ అలవాటు లేదు, మందు ఏ పండక్కో. పోయిన వారం జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర రక్తం తీశారు. మూడు రోజులకి నర్సు ఫోన్ చేసి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 43 వచ్చింది, ప్రీడయాబెటిస్, అంటే షుగర్ అంచు అంది. నా బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23.8, పాతిక లోపే ఉంది కదా అన్నాను. "సౌత్ ఏషియన్ వాళ్ళకి 23 నుంచే చూస్తాం" అంది.

అప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. నా పక్క సీటు ఇంగ్లీషాయన 95 కిలోలు ఉంటాడు. ఆయనకి ఏమీ లేదు. ఒకటే ఆఫీసు, ఒకటే క్యాంటీన్. ఫారాల్లో జాతి ఏమిటని ఒక గడి ఉంటుంది చూడండి, అందులో టిక్కు పెట్టినందుకు నాకు వేరే కొలతా? మనసుకి బాగాలేదు. మా నాన్న ఒంగోల్లో 51 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. ఆయనా నాలాగే సన్నం. అందుకే ఇంతగా అడుగుతున్నా.

కొర్రలబువ్వ
ముందు అన్నం మానెయ్ తమ్ముడూ. మూడు పూటలా తెల్లన్నం తింటే ఎవరికైనా వస్తుంది. కొర్రలు, అండుకొర్రలు తెప్పించుకో. నేను మార్చి ఆరు నెలలైంది, 9 కిలోలు తగ్గా.

గోదారిగట్టు
మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడు, 88 దాకా ఉన్నాడు. ఊరికే అన్నం మీద పడితే ఎలా? ఆయన రోజూ పొలానికి నాలుగు మైళ్ళు పోయి నాలుగు మైళ్ళు వచ్చేవాడు.

కొర్రలబువ్వ
ఆ ఎనిమిది మైళ్ళు రాఘవ నడవడు కదండీ. తాతగారి కంచం మాత్రం ఉంచుకున్నాం, పొలం వదిలేశాం. నేనూ అదే అంటున్నా.

వాడపల్లి వాసు
43 ఏంటి? మా దగ్గర రిపోర్టులో 6, 7 అని వస్తుంది.

లెస్టర్ లక్ష్మి
ఇక్కడ కొలత వేరు వాసూ. 43 అంటే మీ లెక్కలో 6.1 శాతం. ఇంగ్లండ్‌లో 42 నుంచి 47 దాకా ప్రీడయాబెటిస్ అంటారు, 48 నుంచి షుగర్ కిందే లెక్క.

రాఘవా, ఆ గడి గురించి నాకూ నీలాగే మండింది. 2016లో మొదటి కానుపప్పుడు మిడ్‌వైఫ్ మొదటి రోజే "మీ కుటుంబం మూలాలు ఎక్కడివి" అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నా. సౌత్ ఏషియన్ అని రాసుకుంది కాబట్టే 26వ వారంలో గ్లూకోజు నీళ్ళు తాగించి పరీక్ష చేశారు. గర్భంలో షుగర్ ఉందని బయటపడింది. నాతోపాటు క్లాసులకి వచ్చిన పోలండ్ అమ్మాయికి ఆ పరీక్షే పెట్టలేదు, ఆమెకి అవసరం కనబడలేదు కాబట్టి. ఆ గడి ఖాళీగా వదిలేసి ఉంటే నాకూ పెట్టేవాళ్ళు కాదు.

నేను చేసిన తప్పు ఆ తర్వాతది. కానుపయ్యాక షుగర్ మామూలైంది, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. పసిపిల్లతో ఎక్కడ కుదురుతుంది? నాలుగేళ్ళు పోలేదు. పోయేసరికి షుగర్ వచ్చి కూర్చుంది. ఇది చదివే ఆడవాళ్ళలో గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ నెలలోనే వెళ్ళండి.

తెల్లకోటు
లివర్‌పూల్‌లో డాక్టర్‌ని, పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే. రాఘవ ప్రశ్నకి కాస్త పెద్ద జవాబే కావాలి.

మీ పక్క సీటాయనతోనే మొదలుపెడదాం. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు ఉంటాడనుకుందాం. 95 కిలోలంటే బీఎంఐ 30. ఇంగ్లండ్‌లో 14 లక్షల 70 వేల మంది ఆరోగ్య రికార్డులు చూసి 2021లో ఒక అధ్యయనం వేశారు. తెల్లవాళ్ళలో బీఎంఐ 30 దగ్గర షుగర్ వచ్చే ప్రమాదం ఎంత ఉందో, మన దక్షిణాసియా వాళ్ళలో అంత ప్రమాదం 23.9 దగ్గరే ఉందని తేలింది. మీది 23.8. మీరిద్దరూ దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నారు, అద్దంలో కనబడదంతే.

ఈ సంగతి ఇక్కడ బయటపడిందే వలస వచ్చినవాళ్ళ వల్ల. పశ్చిమ లండన్‌లో సౌతాల్ అని పంజాబీల పేట ఉంది కదా. 1980ల చివర్లో మెకీగ్, మార్మట్ బృందం అక్కడా చుట్టుపక్కలా 40 నుంచి 69 ఏళ్ళ వాళ్ళని పరీక్షించింది. 3,193 మంది మగవాళ్ళు, 561 మంది ఆడవాళ్ళు. 1991లో ఫలితాలొచ్చాయి. దక్షిణాసియా వాళ్ళలో షుగర్ 19 శాతం, యూరోపియన్లలో 4 శాతం. సిక్కులు రొట్టె, గుజరాతీలు శాకాహారం, బంగ్లాదేశీలు అన్నం చేపలు. తిండి వేరు, మతం వేరు, భాష వేరు, అయినా అందరిలోనూ గుండెజబ్బు ఎక్కువే. సిగరెట్టుతోనూ మామూలు కొలెస్ట్రాల్‌తోనూ ఆ తేడా తేలలేదు. నడుం దగ్గర పేరుకున్న కొవ్వు, ఇన్సులిన్ ఉన్నా ఒంటికి పట్టకపోవడం, ఈ రెండూ కలిసి కనిపించాయి. అందుకే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాళ్ళకి 23, 27.5 అని వేరే గీతలు సూచించారు. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013లో వాటిని తీసుకుంది. ఆ గీత కోసం జనం చాలా ఏళ్ళు ఎదురుచూశారు. మీ నాన్నగారి కాలంలో అది ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

వేయింగ్ మిషన్ పక్కన పెట్టి టేపు తీయండి. బొడ్డు దగ్గర మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

వాడపల్లి వాసు
టేపు అనేసరికి ఇంట్లో అందరం కొలుచుకున్నాం. మా బావ ఊపిరి బిగబట్టి 88 అన్నాడు. మా అక్క ఊపిరి వదలమంది. 97.

గోదారిగట్టు
అక్కగారికి నమస్కారం.

చరిత్రపిచ్చి
అసలు కారణం ఎవరూ చెప్పట్లేదు. తెల్లదొరల కాలంలో వరస కరువులు. 1876లో ధాత కరువు, రెండేళ్ళు రాయలసీమ ఎండిపోయింది. ఆ ఆకలికి తట్టుకుని కొవ్వు దాచుకోగలిగిన ఒళ్ళే బతికాయి. ఇప్పుడు కడుపు నిండా తింటుంటే ఆ ఒళ్ళు అలాగే దాచుకుంటోంది. జన్యువుల్లో రాసిపెట్టి ఉంది.

తెల్లకోటు
ధాత కరువు నిజం, అందులో పోయినవాళ్ళు నిజం. దానివల్ల మన జన్యువులు మారిపోయాయన్నది మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. నాలుగైదు తరాల్లో జన్యువులు అంతగా మారవు. ఆ వాదన వింటే బాగానే ఉంటుంది, కానీ "ఇక మన చేతుల్లో ఏమీ లేదు" అనిపిస్తుంది. అది నాకు నచ్చదు.

దానికంటే గట్టి ఆధారం తల్లి కడుపులో తిండికి సంబంధించినది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని తూచి, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చారు. మన పిల్లలు సగటున 2.7 కిలోలు, వాళ్ళు 3.5. మనవాళ్ళలో కండ, పొట్టలోని అవయవాలు బాగా తక్కువ. కొవ్వు మాత్రం అంత తగ్గలేదు. సన్నగా కనబడే లావు బిడ్డలు. ఇదే యాజ్ఞిక్ గారు లండన్ డాక్టర్ యూడ్కిన్‌తో కలిసి 2004లో ఒక ఫొటో వేయించారు. పక్కపక్కన ఇద్దరూ. ఇద్దరి బీఎంఐ 22.3. స్కానులో చూస్తే యూడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మా జూనియర్లకి ఇప్పటికీ ఆ ఫొటోయే చూపిస్తాను.

మారిషస్ మాస్టారు
నేను మారిషస్‌లో నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి వచ్చాను. @చరిత్రపిచ్చి గారి మాట మీద ఒక సంగతి. అక్కడికి మనవాళ్ళు కూలి ఒప్పందాల మీద చెరకు తోటలకి వెళ్ళారు, విశాఖ, గంజాం వైపు నుంచి వెళ్ళినవాళ్ళ మనవలు ఇప్పటికీ ఇంట్లో రామభజన చేస్తారు. 1987లో ఆ దేశమంతా షుగర్ సర్వే జరిగింది. హిందువులు, ముస్లింలు, ఆఫ్రికా మూలాలున్న క్రియోళ్ళు, చైనీయులు, అందరిలోనూ 10 నుంచి 13 శాతం మధ్యే వచ్చింది. ఒక్కొక్కరి మూలాలు ఒక్కో చోటివి. ఒకే దీవి, ఒకే జీవితం, దాదాపు ఒకే జబ్బు. అన్నీ జన్యువులే అయితే చైనావాడికి మనంత ఎందుకు వచ్చింది?

తర్వాత ప్రభుత్వం చేసిన పని ఇంకా బాగుంటుంది. రేషన్ నూనె అప్పటిదాకా ఎక్కువగా పామాయిలే. 1987లో దాన్ని సోయా నూనెకి మార్చేశారు. ఇదీ, మిగతా ప్రచారమూ కలిసి, ఐదేళ్ళలో జనం సగటు కొలెస్ట్రాల్ మిల్లీమోల్ లెక్కలో 5.5 నుంచి 4.7కి దిగింది. షుగర్ మాత్రం దిగలేదు. మా పక్కింటి అవ్వ ఆ నూనె మార్పు గుర్తుచేసుకుని, గారెలు రుచి మారాయని చెప్పేది.

చరిత్రపిచ్చి
చైనీయుల సంగతి నాకు తెలియదు. ఆలోచించాల్సిన మాటే. కరువుల మీద నా మాట మాత్రం పూర్తిగా వదలను.

జగిత్యాల మల్లేశ్
మీరందరు ఆఫీసుల కూసుండేటోళ్ళ ముచ్చట చెప్తున్రు. గల్ఫ్ పోయినోళ్ళ ముచ్చట ఎవరు చెప్తరు? మా మామ పదకొండేండ్లు దుబాయ్ల బిల్డింగ్ పని చేసిండు. 43 ఏండ్లకు పెట్టెల వచ్చిండు. కాయితం మీద గుండె ఆగిందని రాసిన్రు. గుండె ఆగకుంట ఎవలు చస్తరు అన్నా? ఆయనకు షుగర్ లేదు, పొట్ట లేదు. ఎండల పదిగంటలు, రేకుల రూములో ఎనిమిది మంది, నీళ్ళు కొలిచి తాగుడు. కంపెనీ వాళ్ళు పోస్టుమార్టం గూడ చేపియ్యలే.

తెల్లకోటు
మల్లేశ్ గారూ, మీరు చెప్పింది ఈ చర్చలో రావలసిన మాట, నేను ముందే అనాల్సింది. ఖతార్‌లో పనిచేసిన నేపాల్ కార్మికుల మరణాల మీద 2019లో ఒక అధ్యయనం వచ్చింది. పాతికా ముప్ఫై ఏళ్ళ కుర్రాళ్ళు, వెళ్ళేముందు వైద్య పరీక్ష పాసైనవాళ్ళు. గుండె అని రాసిన మరణాలు వేడి నెలల్లోనే బాగా పెరిగాయి, వాటిలో చాలా వరకు వడదెబ్బవే అయ్యుండాలని తేల్చారు. మామగారి విషయంలో ఏం జరిగిందో నేను చెప్పలేను. పోస్టుమార్టం లేకపోతే ఎవరూ చెప్పలేరు, అదే పెద్ద అన్యాయం.

వలస వెళ్ళేవాళ్ళు మామూలుగా ఊళ్ళో అందరికంటే గట్టివాళ్ళే. బలం ఉన్నవాడే విమానం ఎక్కుతాడు. ఆ గట్టితనాన్ని ఏది తినేస్తుందన్నది వెళ్ళిన చోటు, చేసే పని నిర్ణయిస్తాయి.

జగిత్యాల మల్లేశ్
గట్టోడే. బస్తా రెండు చేతులతోటి లేపేటోడు.

లెస్టర్ లక్ష్మి
మల్లేశ్ తమ్ముడూ, మీ అత్తమ్మ ఎట్లా ఉంది ఇప్పుడు?

జగిత్యాల మల్లేశ్
బీడీలు చుడ్తది అక్కా. కొడుకు గూడ పోతనంటుండు దుబాయ్. వద్దని నేను.

ఫ్రిమాంట్ ఫణి
అమెరికా నుంచి. 44కి స్టెంట్ పడింది. పదేళ్ళు ఏటా చెకప్ చేయించుకున్నా, కొలెస్ట్రాల్ "పర్వాలేదు" అంటూనే వచ్చారు. రిస్క్ లెక్కగట్టే పట్టికలో దక్షిణాసియా అన్న గడే లేదు, తెల్లవాడి కింద లెక్కేశారు. రాఘవ గడి ఉన్నందుకు బాధపడుతున్నాడు, నాకు గడి లేకపోవడమే దెబ్బ కొట్టింది. ఇక్కడ 2018 నుంచే కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలుంటే ప్రమాదం పెంచే అంశంగా రాశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో, షికాగోలో 2010లో 906 మంది మనవాళ్ళతో గుండెజబ్బుల మీద మసాలా అనే అధ్యయనం మొదలైంది, ఇంకా నడుస్తోంది.

అన్నదమ్ములకి ఒక్క మాట. లైపోప్రొటీన్ ఏ అని, గుండెజబ్బు ప్రమాదం పెంచే ఒక రకం కొలెస్ట్రాల్‌కి పరీక్ష ఉంటుంది. మామూలు ప్యాకేజీలో రాదు, అడిగి చేయించుకోవాలి. పుట్టుకతో వచ్చేది కాబట్టి ఒక్కసారి చేయిస్తే చాలు. రాఘవా, నాన్నగారు 51కే పోయారన్నావు, నువ్వు తప్పకుండా అడుగు.

నల్లమల
"దక్షిణాసియా" అని అందరినీ ఒక గంపలో పోయడం నాకు నచ్చదు. తూర్పు లండన్‌లో ఇరుకు ఇంట్లో ఆరుగురితో, రాత్రి షిఫ్టు హోటల్ పనితో బతికే బంగ్లాదేశీ, సాఫ్ట్‌వేర్ జీతం తీసుకునే తెలుగువాడు ఒకటా? జాతి అని రాస్తే పేదరికం కనబడకుండా పోతుంది.

తెల్లకోటు
నిజం. ఇక్కడ బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాల ఆరోగ్యం మనకంటే బాగా కింద ఉంటుంది. బంగ్లాదేశీ మగవాళ్ళలో సిగరెట్ ఎక్కువ, డబ్బు తక్కువ. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్ళ సంగతి ఇంకో రకం. వాళ్ళలో షుగర్, బీపీ, పక్షవాతం ఎక్కువ. ఇన్ని ఉన్నా గుండెపోట్లు మాత్రం తెల్లవాళ్ళకంటే తక్కువ. "మైనారిటీల జబ్బు" అని ఒకటి లేదు. జబ్బుని ఎక్కడ వెతకాలో ఆ గడి చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు.

వాడపల్లి వాసు
మరి దేశంలో ఉన్న మేం క్షేమమేనా?

మారిషస్ మాస్టారు
ఎక్కడ క్షేమం వాసూ? 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే. వలస అంటే విమానమే కానక్కర్లేదు, ఆర్టీసీ బస్సు చాలు. హైదరాబాద్, బెంగళూరు, లక్నో, నాగ్‌పూర్ ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన పల్లెవాళ్ళనీ, ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ తోబుట్టువుల్నీ పోల్చిన అధ్యయనం 2010లో వచ్చింది. మగవాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళకి షుగర్ 6 శాతం, పట్నం వచ్చినవాళ్ళకి 14. ఒకే అమ్మ కడుపున పుట్టినవాళ్ళు.

గోదారిగట్టు
ఇదిగో, నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే. తాత పొలం.

కొత్త చలికోటు
ఇక్కడ అడగొచ్చో లేదో. కోవెంట్రీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను, వచ్చి ఎనిమిది నెలలు. మెడ మీద గడ్డ. మూడు నెలలు గొంతు నొప్పి అనుకున్నా. ఇప్పుడు టీబీ అన్నారు. వీసాకి హైదరాబాద్‌లో ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు కదా, ఎలా వచ్చింది? ఇంట్లో చెప్పలేదు. రూమ్మేట్స్‌కీ చెప్పలేదు. చెప్తే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని భయం. నెల నుంచీ నిద్ర లేదు.

తెల్లకోటు
తప్పకుండా అడగొచ్చమ్మా. ముందు ఇది విను. మెడ గడ్డల టీబీ ఒక్కటే అయితే, ఊపిరితిత్తుల్లో లేకపోతే, పక్కవాళ్ళకి అంటదు. నీ ఊపిరితిత్తులు బాగున్నాయో లేదో క్లినిక్‌లో చూసే ఉంటారు, ఒకసారి అడిగి ఖాయం చేసుకో.

వీసా ఎక్స్‌రే ఊపిరితిత్తుల్లో రగులుతున్న టీబీనే పడుతుంది. చిన్నప్పుడెప్పుడో లోపలికి పోయి నిద్రపోతున్న క్రిమి అందులో కనబడదు. దేశం మారాక మొదటి కొన్నేళ్ళలో అది లేవడం ఎక్కువ. మన దేశాల నుంచి వచ్చినవాళ్ళలో ఊపిరితిత్తుల బయట టీబీ, ముఖ్యంగా మెడ గడ్డలు, ఇక్కడ తరచుగా చూస్తాం. నీ తప్పు ఏమీ లేదు, నువ్వు అశుభ్రంగా ఉన్నావనీ కాదు. మందులు మామూలుగా ఆరు నెలలు. ఇంగ్లండ్‌లో ఈ వైద్యం వీసాతో సంబంధం లేకుండా అందరికీ ఉచితం. నీకు ఒక టీబీ నర్సుని ఇస్తారు, రూమ్మేట్స్‌కి ఏం చెప్పాలో ఆమెనే అడుగు. ఒక్క రోజు కూడా మాత్ర మానకు.

ఇది చదివే కొత్త పిల్లలకి: 16 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండి, వచ్చి ఐదేళ్ళ లోపైతే, ఆ నిద్రపోతున్న టీబీకి ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల్లో రక్తపరీక్ష చేస్తారు. జీపీని అడగండి.

లెస్టర్ లక్ష్మి
కోవెంట్రీ మా ఇంటికి ముప్పావు గంట. శనివారం వస్తాను. పప్పూ, బీరకాయ కూరా తెస్తా. ప్రైవేట్ మెసేజ్ పెట్టాను చూడు.

కొత్త చలికోటు
చూశాను అక్కా. ఏడుపు వస్తోంది.

పాత నర్సమ్మ
గ్లాస్గోలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ 1960ల్లో మనదేశపు, పాకిస్తాన్ పిల్లల్లో రికెట్స్ కనబడింది. దొడ్డికాళ్ళు, వంకర ఎముకలు. ఈ ఊళ్ళో ఎండ ఏది? మన చర్మానికి ఇంకా ఎక్కువ ఎండ కావాలి. అప్పట్లో కొందరు మన తిండినే తప్పు పట్టారు, చపాతీలు మానండి అన్నారు. చివరికి ఆ ఉపన్యాసాలు పక్కన పెట్టి 1979 నుంచి పిల్లలకి విటమిన్ డి చుక్కలు ఉచితంగా పంచారు. ఆసుపత్రికి వచ్చే కేసులు బాగా తగ్గాయి. మీ అందరికీ చెప్పేదేమంటే, అక్టోబర్ నుంచి మార్చి దాకా విటమిన్ డి మరవకండి.

కొర్రలబువ్వ
నర్సమ్మగారూ, నాకు చురక తగిలింది. నేనూ రాఘవ తిండినే తప్పు పట్టాను. డాక్టర్ గారూ, అసలు కొర్రలు పనిచేస్తాయా లేదా?

తెల్లకోటు
మీకు పనిచేసింది 9 కిలోలు తగ్గడం. కొర్రలు తింటే కాస్త త్వరగా కడుపు నిండుతుంది, పీచు ఉంటుంది, మంచిదే. కుంచం నిండా తింటే అదీ పిండిపదార్థమే. కంచంలో అన్నం సగం చేసి, ఆ చోట పప్పు, కూర పెంచితే చాలామందికి సరిపోతుంది.

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం రాఘవ లాంటి వాళ్ళనే, షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు చూసింది. 2006లో ఫలితాలొచ్చాయి. ఏమీ చేయని వాళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో ఆ ప్రమాదం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చినా దాదాపు అంతే. స్కాట్లండ్‌లో రాజ్ భోపాల్ గారు చేసిన పనిలో డైటీషియన్లు ఇళ్ళకే వెళ్ళి వంట చేసేవాళ్ళతో సహా కూర్చోబెట్టి మాట్లాడారు. మూడేళ్ళకి తేడా కిలోన్నర పైచిలుకే. తక్కువే అనిపిస్తుంది. బరువు పెరిగే వయసులో పెరగకుండా ఆగడం తక్కువేం కాదు.

రాఘవా, ఇంకొకటి. రక్తహీనత, తలసేమియా లక్షణం ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పు చూపించవచ్చు. పరగడుపున షుగర్ కూడా ఒకసారి చేయించుకోండి.

రీడింగ్ రాఘవ
ఆలస్యంగా వచ్చాను, అన్నీ రెండుసార్లు చదివాను. టేపు పెట్టాను. 93. నాన్న బెల్టు నా దగ్గరే ఉంది. చివరి బొక్క ఎక్కడుందో కొలిచాను, 96. ఆయన్ని అందరం బక్కాయన అనేవాళ్ళం.

గడి మీద కోపం పోయింది. ఫణి అన్న మాట చదివాక పోయింది. మల్లేశ్ మామ సంగతి మాత్రం మనసులోంచి పోవట్లేదు.

జీపీకి లైపోప్రొటీన్ ఏ, పరగడుపు షుగర్ రెండూ అడుగుతూ ఉత్తరం పెట్టాను. మా చెల్లి ఒంగోల్లోనే ఉంటుంది, 34. దాన్ని పొద్దున్నే ల్యాబ్‌కి పంపాను. సాయంత్రం రిపోర్టు.

నల్లమల
చెల్లెలికి గర్భంలో షుగర్ ఏమైనా ఉండేదా?

రీడింగ్ రాఘవ
తెలీదు. ఎవరూ చూడలేదనుకుంటా.

వాడపల్లి వాసు
మా బావ ఇవాళ మెట్లెక్కి ఆఫీసుకెళ్ళాడు. నాలుగో అంతస్తు. పైనుంచి ఫోన్ చేసి చెప్పాడు, మాట సరిగ్గా వినబడలేదు, ఆయాసం.

రీడింగ్ రాఘవ
చెల్లికి 5.9. అమ్మకి చెప్పొద్దంది.

తెల్లకోటు
ఇండియా ల్యాబుల లెక్కలో 5.7 నుంచి 6.4 దాకా అంచు కిందే. ఇప్పుడు దొరికింది, మంచిదే. అమ్మగారికి ఎప్పుడైనా చేయించారా?

రీడింగ్ రాఘవ
లేదండి. చెప్పొద్దన్నా చెప్పేశాను. రేపు ఇద్దరూ వెళ్తున్నారు.